బాపు నౌకరి

మా బాపు తాగడు. కొట్టడు. ఆయన నోట ఒక్క బూతుమాట కూడా రాదు. అందుకే మేం ఇల్లు విడిచి వచ్చేసినప్పుడు కాలనీ మొత్తం మమ్మల్నే తిట్టింది. "రాయమల్లు అసొంటి మనిషిని ఇడిచిపెట్టి ఎట్ల పోబుద్దయింది బిడ్డా?" అని ఇప్పటికీ బస్సులో కనపడినవాళ్లు అడుగుతుంటారు. మొదట్లో జవాబు చెప్పబోయేదాన్ని. నా గొంతు పైకి లేవగానే వాళ్లు "కోపిష్టిది" అనుకుని కిటికీవైపు తిరిగేవాళ్లు. అవును, కోపిష్టిదాన్నే. ఎందుకో చెబుతాను.

పోయినేడు ఎండాకాలం సంగతి ఇది. గోదావరిఖనిలో మాది రెండు గదుల కంపెనీ క్వార్టర్. బాపు భూగర్భ గనిలో సర్దార్. షిఫ్టుకు పాతికమందిని బొగ్గుబాయిలోకి దింపడం, పని చేయించడం, తలలు లెక్కపెట్టుకుని పైకి తేవడం ఆయన పని. ఆ పని ఆయనకు ఎంత ఒంటబట్టిందంటే ఇంటికి వచ్చాక కూడా ఆపేవాడు కాదు.

డ్యూటీ దిగి, స్నానం చేసి, వరండాలో మంచం మీద కూర్చునేవాడు. ముందు అన్నను పిలిచేవాడు.

"సంపత్. ఇయ్యాల సంతోషి ఎవలతోని మాట్లాడింది? ఎటన్న పోయిందా?"

అన్న చెప్పి లోపలికి వచ్చాక నన్ను పిలిచేవాడు.

"సంతోషీ. అన్న ఎటు పోయిండు? ఎవని బండెక్కిండు?"

ఒకరు చెప్పేది ఇంకొకరికి వినపడకూడదు. చెప్పిన తర్వాత ఒకరినొకరు అడగకూడదు. ఆయన రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాడు. ఎవరి మాట తేడా కొడితే వాళ్లు ఆ పూట ఆయనతో కలిసి తినడానికి లేదు. అమ్మ వాళ్లతో మాట్లాడడానికి లేదు. అంతే శిక్ష. ఒక్కోసారి వారం దాకా నడిచేది. అమ్మ నా ముందు కంచం పెట్టి, గోడవైపు తిరిగి కూర్చునేది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. అన్నకు ముప్పై మూడు.

ముప్పై మూడేళ్ల మగవాడు ఇవన్నీ ఎందుకు పడ్డాడని మీరు అడుగుతారు. మా గేటుకు ఏనాడూ తాళం లేదు. పడింది నౌకరి కోసం.

మా దగ్గర గనిలో పనిచేసే మనిషి ఆరోగ్యం పాడై, ఇక పనికి పనికిరాడని కొత్తగూడెంలో మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ నౌకరి పిల్లల్లో ఒకరికి వస్తుంది. మా పక్కన సగం ఇళ్లు అట్లా నిలబడినవే. బాపుకు నడుములో డిస్కు జరిగింది. మోకాళ్లు అరిగిపోయాయి. వరండా మెట్టు ఎక్కాలన్నా గోడ పట్టుకునేవాడు. "బోర్డుకు పెట్టుకో రాయమల్లూ, ఇంక నువ్వు కిందికి దిగుడు మంచిది కాదు" అని దవాఖానలో డాక్టరే ఎన్నోసార్లు చెప్పాడు. అయితే రిటైర్మెంటుకు రెండేళ్లు మిగిలి ఉండగానే బోర్డుకు కాయితాలు పెట్టుకోవాలి. ఆ గడువు దాటితే నౌకరి ఇక ఎవరికీ రాదు. బాపు గడువు ఆ ఏడు జూన్ నెలాఖరుతో తీరిపోతుంది.

అన్న డిగ్రీ అయిపోయినప్పటి నుంచీ ఆ మాట మీదే బతికాడు. పక్క క్వార్టర్ సుల్తాన్ బీ కొడుకు తాబిష్ మంచిర్యాలలో బండ్లు బాగుచేసే షెడ్డు పెట్టి, "భయ్యా, నాతోని రా, ఇద్దరం కలిసి నడుపుదాం" అని పిలిచాడు. బాపు వద్దనలేదు. "పో. పోయినంక నౌకరి నాకెందుకియ్యలేదని మాత్రం అడుగకు" అన్నాడు. అన్న పోలేదు.

నేను కొంతకాలం తప్పించుకున్నాను. తర్వాత పెళ్లికాని ఆడపిల్లలకు కూడా ఆ నౌకరి ఇస్తారని తెలిసింది. కాలనీలో ఆడపిల్లలున్న ఇళ్లలో స్వీట్లు పంచుకున్నారు. మా ఇంట్లో ఆ రోజు నుంచి నా మెడకూ తాడు పడింది. శ్రీరాంపూర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అతను కరెంటు పని చేస్తాడు, మాట నెమ్మది, నాకు నచ్చాడు. బాపు వాళ్లకు చాయ్ ఇప్పించి, "మా బిడ్డకు నౌకరి వచ్చేదున్నది. పెండ్లి జేస్తే అది పోతది. జర ఆగుర్రి" అన్నాడు. వాళ్లు ఏడాది ఆగి వేరే పిల్లను చూసుకున్నారు. "నీ కోసమే గద బిడ్డా" అన్నాడు నాతో.

ఆదివారం కోడికూర తింటూ, "ఈ నౌకరి సంతోషికిస్తే మంచిగుంటది, పిల్ల మాట ఇంటది" అనేవాడు. అన్న చేతిలో ముద్ద ఆగిపోయేది. మరో ఆదివారం, "ఎంతైనా మొగపోరడు, సంపత్‌కే ఇయ్యాలె" అనేవాడు. నేను కంచం పక్కకు జరిపేదాన్ని. మేం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేసి ఎన్నాళ్లయిందో కూడా మాకు గుర్తులేదు. ఆ మంచం మీద కూర్చుని ఆయన ఇదంతా హాయిగా చూసేవాడు. నా కోపమంతా ఆ హాయి మీదే.

మే నెల మొదట్లో బాపుకు ఫస్టు షిఫ్టు. పొద్దున పోయి మూడు దాటాక వచ్చేవాడు. ఒక రోజు సుల్తాన్ బీ కూతురు జూహీ గోడ మీది నుంచి నన్ను పిలిచింది. ఆమె ప్రైవేటు బడిలో టీచరు, సెలవుల్లో ఇంట్లోనే ఉంది.

"సంతూ, జల్ది రా. ఫోన్ల ఒకటి సూపిస్త. నిన్న ఒక్కదాన్నే సూసిన, నిద్ర పట్టలే."

అది ఏ దేశం సీరియలో నాకు తెలియదు. అంతా మంచు. భాష గొంతులోంచి గరగరమని వచ్చేది. కింద ఇంగ్లీషులో పడే మాటలు చదివి జూహీ నాకు చెప్పేది. ఒక తండ్రి, ఒక తల్లి, ఎదిగిన ముగ్గురు పిల్లలు. చెరువు ఒడ్డున ఒంటరి ఇల్లు. రాత్రి భోజనం దగ్గర తండ్రి కొవ్వొత్తి వెలిగిస్తాడు. ఒక్కొక్కరూ పక్కవాళ్లు ఆ రోజు చేసిన తప్పు చెప్పాలి. ఎవరి మీద ఎక్కువ తప్పులు పడితే వాళ్లు గోడకు మొహం పెట్టి నిలబడాలి, మిగతావాళ్లు తినాలి. తండ్రి అరవడు. రొట్టె మీద వెన్న రాసుకుంటూ నవ్వుతుంటాడు.

మధ్యలో ఎప్పుడు వచ్చాడో అన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేనేం చేస్తున్నానో చూసి సాయంత్రం చెప్పడానికే వచ్చాడు. ఆ సంగతి నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కాని చెప్పులు విడిచి లోపలికి వచ్చి జూహీ వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. దగ్గర్లోని ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం పేల్చిన పేలుడుకు కిటికీ రెక్కలు అదిరాయి. ఎవరం తల తిప్పలేదు.

"తలుపు తెరిచే ఉన్నది గదా. గా పెద్ద పోరడు పోడేంది?" అన్నాడు అన్న కాసేపటికి.

"ఎట్ల పోతడు భయ్యా? ఇల్లు వాని పేరు మీద జేస్తనని తండ్రి ఆశ వెట్టిండు. చెల్లెకు గూడ గదే మాట చెప్పిండు. ఇద్దరు దానికోసమే కూసున్నరు" అంది జూహీ. తర్వాత ఫోను పక్కన పెట్టి, "ఛీ, గిసువంటి మనుషులు నిజంగ ఉంటరా?" అంది.

పక్కపక్క ఇళ్లలోనే పుట్టి పెరిగాం. మా ఇంట్లో ఏం జరుగుతుందో ఆ పిల్లకు తెలియదు. తాగని, కొట్టని ఇంటిలోంచి చప్పుడు బయటికి రాదు.

మేం బయటికి వచ్చాక గేటు దగ్గర అన్న ఆగాడు. చాలా ఏళ్ల తర్వాత నా మొహంలోకి చూశాడు.

"ఇయ్యాల బాపు అడిగితే ఏం చెప్తవ్?"

"నువ్వేం చెప్తవ్?"

"నువ్వు ఇంట్లనే ఉన్నవని చెప్త."

"నువ్వు పండుకున్నవని చెప్త."

అంతే మాట్లాడుకున్నాం. ఆ సాయంత్రం ఇద్దరం అదే చెప్పాం. బాపు ఇద్దరినీ తనతో కూర్చోబెట్టుకుని తిన్నాడు. ఆ వారమంతా మేం జూహీ దగ్గరికి పోయి ఆ సీరియల్ చూశాం, వారమంతా అదే చెప్పాం. అబద్ధం చెబుతున్న భయం కన్నా, అన్న నా వైపు ఉన్నాడన్న సంతోషం ఎక్కువగా ఉండేది.

సుల్తాన్ బీది తప్పేం లేదు. నల్లా దగ్గర బాపు కనపడితే మంచి మాటే అనుకుని చెప్పింది. "రాయమల్లన్నా, నీ పిల్లలిద్దరు మంచిగ దోస్తులైండ్రు. రోజు మా ఇంట్ల కూసోని సీన్మ సూస్తున్నరు."

ఆ రోజు మంచం మీద కూర్చుని బాపు మమ్మల్ని ఒక్కొక్కరిని పిలవలేదు. ఇద్దరినీ ఒకేసారి పిలిచాడు. అట్లా ఎప్పుడూ జరగలేదు.

"సీన్మ సూసిండ్రు. సూడుర్రి, నేనేమంట లేను. కాని ఇద్దరు ఒక్కటే మాట చెప్పిండ్రు. ముందుగాల్నే మాట్లాడుకున్నరు గదా?"

గొంతు మామూలుగానే ఉంది. కాని జవాబు కోసం ఆగకుండా అదే మాట మళ్లీ అడిగాడు. ఈయన భయపడ్డాడని నాకు అప్పుడు తెలిసింది. నేనూ అన్నా మాట్లాడుకుంటేనే ఆయనకు భయం.

మమ్మల్ని ఏమీ అనలేదు. వంటింటివైపు తిరిగి అమ్మను పిలిచాడు.

"పోశవ్వా. ఇంట్ల ఉండి గూడ నువ్వు సూడలే. లోపట కూలరు కింద పంటివి. రేపటి సంది నువ్వు వరండల కూసో. ఎవలొస్తున్నరో, ఎవలు పోతున్నరో నువ్వే సూడు. నేను వచ్చేదాక లోపటికి పోకు."

"బాపూ, ఎండ నలభై ఆరున్నది" అన్నాను.

"అందుకే అంటున్న. మీరు అమ్మను ఎండల కూసోబెడుతరా, బయటికి పోకుంట ఇంట్ల ఉంటరా, మీ ఇష్టం."

మా వరండా పైన రేకులు. పొద్దున పదికే పెనంలా కాలుతాయి. అమ్మ బిందె పక్కన పెట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. నేను లోపలికి రమ్మంటే, "గోడకు గూడ చెవులుంటయి బిడ్డా, ఆయనకు తెలుస్తది" అంది. అన్న చెయ్యి పట్టి లేపబోతే విదిలించుకుంది. ముప్పై ఏళ్లుగా అలవాటు చేసిన భయం అది. మేం ఇల్లు కదల్లేదు. అయినా ఆయన శిక్ష ఎత్తెయ్యలేదు. మూడో రోజు మధ్యాహ్నం అమ్మ కూర్చున్నదల్లా పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లు నిప్పులా కాలుతోంది, చెమట లేదు, పిలిస్తే పలకదు.

జూహీ ఆటో పిలుచుకొచ్చింది. దవాఖానలో సెలైను ఎక్కించారు. "ఎండల ఎందుకు కూసున్నవ్ అమ్మా?" అని నర్సు అడిగితే, కళ్లు తెరవకుండానే, "గాలికి" అంది అమ్మ.

ఆ ఒక్క మాటకు నాకు పిచ్చి లేచింది. బాపు డ్యూటీ దిగి నేరుగా దవాఖానకు వచ్చాడు. ఈ రోజు అడిగేస్తాను, వార్డు మొత్తం వినేలా అడుగుతాను అనుకుని లేచాను. అన్న కూడా లేచాడు. బాపు మంచం కొసన కూర్చుని, అమ్మ కాలు మీద చెయ్యి వేసి, మెల్లగా అన్నాడు.

"బోర్డుకు పెట్టుకున్న. జూన్ పదో తారీఖు రమ్మన్నరు."

మేమిద్దరం మళ్లీ కూర్చున్నాం. ఆ మాట వినగానే ఎట్లా కూర్చున్నామో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. అక్కడ అమ్మ పెదాలు పగిలి రక్తం ఎండిపోయి ఉంది. మేం నోరు మూసుకుని కూర్చున్నాం.

"ఎవలికన్నది మీరే తేల్చుకోర్రి. తేల్చుకోకపోతే ఎవ్వలికీ లేదు" అన్నాడు.

మేం కొట్టుకు చస్తామనుకున్నాడు. దవాఖాన బయట కానుగ చెట్టు కింద నేనూ అన్నా ఐదు నిమిషాలు మాట్లాడుకున్నాం.

"నువ్వు తీసుకో అన్నా. నీకు వయసు దాటుతున్నది."

"నాకొద్దు. నేను తాబిష్ దగ్గరికి పోత. చేతుల పని ఉంటే నాకు ఎట్లనన్న నడుస్తది. నువ్వు తీస్కో. నీకు నౌకరి ఉంటే నిన్ను ఇగ ఎవ్వలు ఆపరు."

ఆ మాట అన్న అన్నాడు. ఇన్నేళ్లు నా గురించి అన్నతో బాపుకు చాడీలు చెప్పించిన ఆ మంచమే లేకపోతే, నా అన్న ఇట్లాంటివాడని నాకు ఎప్పుడో తెలిసేది. ఎన్నేళ్లు పోయాయి మాకు!

ఆ సాయంత్రమే బాపుకు చెప్పాం. ఆయన నమ్మలేదు. అన్ననే మళ్లీ మళ్లీ అడిగాడు. "నీకు బాధ లేదా? చెల్లె నౌకరి చేస్తుంటే నువ్వు ఇంట్ల కూసుంటవా? నలుగుర్ల ఇజ్జత్ ఉంటదా?"

"లేదు బాపూ. సంతోషికే ఇయ్యి."

బాపు ఆ పూట సరిగ్గా తినలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

పదో తారీఖుకు ముందు రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని కొత్తగూడెం బస్సెక్కాడు. అమ్మ ఇంకా నీరసంగానే ఉంది, అయినా లేచి రొట్టెలు చేసి కట్టిచ్చింది. మర్నాడు పొద్దుపోయాక తిరిగొచ్చి, "అయింది. పదిహేను రోజులల్ల చెప్తరట" అన్నాడు. అమ్మ సేమియా వండింది. అన్న తాబిష్‌కు ఫోను చేసి వస్తున్నానని చెప్పాడు. నేను ఏం డ్యూటీ వేస్తారో, పైన వేస్తారో కింద వేస్తారో అని జూహీతో గంటలు గంటలు మాట్లాడాను. ఆ నాలుగు రోజులు మా ఇంట్లో నవ్వులు వినపడ్డాయి. బాపు మంచం మీద కూర్చుని అవి వింటూనే ఉన్నాడు.

ఐదో రోజు చౌరస్తాలో చాయ్ దగ్గర అన్నకు భూపాల్ కాక కనపడ్డాడు. బాపు షిఫ్టులోనే పనిచేస్తాడు. ఆయనకూ అదే రోజు బోర్డు.

"మీ బాపు గట్ల చేసిండేంది సంపత్? బస్సు ఇద్దరం కలిసే దిగినం. చాయ్ తాగొస్త నువ్వు నడువన్నడు. లోపట మూడుసార్లు పేరు పిలిచిండ్రు. రాలే. పానం గిట్ల మంచిగ లేకుండెనా?"

అన్న ఇంటికి వచ్చి ఆ మాట అమ్మ ముందే చెప్పాడు. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు.

బాపు వచ్చేదాకా ఆగాం. స్నానం కూడా చేయనివ్వలేదు.

"బోర్డుకు పోయినవా బాపూ?" అన్నాడు అన్న.

"ఎవలు చెప్పిండ్రు?"

"పోయినవా, లేదా?"

బాపు బూట్లు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టాడు. "పోలే" అన్నాడు.

సిగ్గుపడతాడని, బుకాయిస్తాడని అనుకున్నాను. ఏదీ చేయలేదు. తల ఎత్తి మా ఇద్దరినీ చూశాడు.

"ఎందుకు పోవాలె? బాయిల దిగితే పాతికమంది నా ముందట నిలవడుతరు. సర్దారన్నా అంటరు. రేపు నేను అన్‌ఫిట్ అయి ఈ మంచంల కూసుంటే నన్ను అడిగెటోడెవడు? నీకు నౌకరి వస్తది, నువ్వు మొగుని ఎంట పోతవు. వాడు మంచిర్యాల పోతడు. నేను చెప్తే ఎవలింటరు?"

"మేము నీ పిల్లలం బాపూ" అన్నాను. "నీ షిఫ్టు మనుషులం కాదు."

"అందుకే నౌకరి ఇయ్యనంటలేను గదా. గడువు ఇంక ఉన్నది. మల్ల పెట్టుకుంట. ఈ పది రోజులు ఎవలు మంచిగుంటరో సూస్త."

మళ్లీ అదే. అంతా బయటపడ్డాక కూడా మళ్లీ అదే తాడు! అన్న పిడికిళ్లు బిగిశాయి. కొడతాడేమో అనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. అన్న కొట్టలేదు. వెళ్లి గోడ దగ్గర నిలబడ్డాడు.

అప్పుడు అమ్మ చాట కింద పెట్టింది. ఏరిన బియ్యం కడిగి, స్టవ్ మీద పెట్టి, లోపలి గదిలోకి పోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో బట్టల సంచి ఉంది.

"ఏందది?" అన్నాడు బాపు.

"మా అన్న ఇంటికి పోత." మా మేనమామది మంథని దగ్గర ఊరు.

"ఎందుకు?"

"పిల్లలు నీ నౌకరి కోసం ఉన్నరు. నేను పిల్లల కోసం ఉన్న. ఇగ నాకు ఉండబుద్దయితలేదు."

బాపు నవ్వాడు. "పో. పొద్దుగూకకముందే నువ్వే వస్తవు."

అమ్మ మెట్టు దిగింది. ఒంట్లో ఇంకా శక్తి రాలేదు, గేటు పట్టుకుని ఒక్క క్షణం నిలబడి మళ్లీ నడిచింది. బాపు నవ్వు ఆగిపోయింది.

"సంపత్, పో. పోయి తోల్కరా."

అన్న వెళ్లాడు. రోడ్డు మీద అమ్మను అందుకుని, ఆమె చేతిలో సంచి తను తీసుకుని, పక్కన నడవసాగాడు. వెనక్కి తిరగలేదు.

ఇంట్లో నేనూ బాపూ మిగిలాం. ఆయన కొంచెంసేపు రోడ్డువైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ మొహంలో భయం పోయి మళ్లీ ఆ హాయి వచ్చింది.

"మంచిదే అయింది తియ్యి. ఇగ నీకు అడ్డం ఎవలు లేరు. నువ్వొక్కదానివి ఉండు. రేపే దవాఖానకు పోయి కాయిదాలు పెడుత. నౌకరి నీదే."

అబద్ధం కాకపోవచ్చు. నిజంగానే ఇచ్చేవాడేమో. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, చేతిలో ఏ పనీ లేదు, పెళ్లి లేదు. ఆ నౌకరి వస్తే జీవితాంతం ఎవరినీ చెయ్యి చాపి అడగక్కర్లేదు. అదంతా నా తలలో తిరిగింది. తిరగలేదని చెప్పను.

స్టవ్ మీద అన్నం పొంగి మంట మీద పడుతోంది. పోయి స్టవ్ ఆపేశాను. చెప్పులు వేసుకున్నాను. ఆయన ఏదో అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు మేం మంచిర్యాలలో ఉంటున్నాం. అమ్మ తన అన్న ఇంట్లో నెల రోజులుండి మా దగ్గరికి వచ్చేసింది. అన్న తాబిష్‌తో కలిసి షెడ్డు నడుపుతున్నాడు. నేను ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్లో చేరాను. చేరిన వారానికే, జూన్ చివర్లో, మిట్టమధ్యాహ్నం బాపు షాపుకొచ్చాడు. గోదావరి దాటి రెండు బస్సులు మారి వచ్చినట్టున్నాడు, చొక్కా మొత్తం తడిసింది. బడులు తెరిచే రోజులు, షాపు కిటకిటలాడుతోంది. ఆయన క్యూలోనే నిలబడి, వంతు వచ్చాక కౌంటర్ మీదికి వంగాడు.

"ఇంక మూడు రోజులే ఉన్నది సంతోషీ. భూపాల్‌కు అయిపోయింది. ఆయన కొడుకు నౌకరిల చేరుతున్నడు. మీ అమ్మను తోల్కోని ఇంటికి రా. నువ్వు రాంగనే పోయి పెడుత."

"ముందుగాల పెట్టు బాపూ. పెట్టి వచ్చి చెప్పు."

"నువ్వు వస్తెనే."

"పెడితెనే."

ఆయన కౌంటర్ అంచు పట్టుకున్నాడు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని తెలుస్తూనే ఉంది. పక్కన స్టూలు ఖాళీగా ఉంది. కూర్చోమని నేననలేదు. పెడతానంటాడేమోనని చూశాను. పెడతానన్న ఆ ఒక్క మాట రాలేదు. నన్ను తన ముందు నిలబెట్టుకోకుండా ఆయన నాకు ఏదీ ఇవ్వలేడు. అది ఆయన చేతకానితనమేనేమో. కాని దానికి జాలిపడే ఓపిక నాకు లేదు, ఇప్పటికీ రాలేదు.

వెనక క్యూలోంచి ఎవరో గొణిగారు.

"జరుగు బాపూ" అన్నాను. "మనుషులు ఆగుతున్నరు."

ఆయన జరిగాడు. కాసేపు దుప్పట్ల దగ్గర నిలబడ్డాడు. తర్వాత చూస్తే లేడు. మూడు రోజులు గడిచాయి, గడువు దాటిపోయింది. ఆయన పెట్టలేదు. ఆ మోకాళ్లతోనే ఇంకా బాయిలోకి దిగుతున్నాడట.

ఆ మధ్యాహ్నం ఆయన వెనక నిలబడిన ఆవిడ పిల్లల బడి బట్టలు కౌంటర్ మీద పెట్టి, "ఎవలు బిడ్డా, మీ తండ్రా? పాపం, ఎండల వచ్చినట్టున్నడు" అంది.

"అవును" అని బిల్లు కొట్టాను. కోపంలో అంకె తప్పు పడింది. దాన్ని కొట్టేసి మళ్లీ కొట్టాను.